పేరు పెట్టు అధికారము

ఇంట బిడ్డ పుట్టిన పది దినములును ఆ యింటివారందఱు పండితులే. బామ్మగారికి పోయిన తాతగారి పేరు నిలుపవలెనని పట్టుదల. తల్లికి తాను చదివిన నవలలోని నాయిక పేరుమీద మక్కువ. పేరు పెట్టు హక్కు నాదే యని మేనత్త బండి దిగకముందే చెప్పుచు వచ్చును. పురోహితుడు పంచాంగము విప్పి, బిడ్డ అశ్విని మూడవ పాదమున పుట్టినది గావున 'చో' అను అక్షరము వచ్చినదని చెప్పి, 'చో'తో మొదలగు పేరేదో మీరే వెదకుకొనుడని సంభావన పుచ్చుకొని పోవును. మనవారికి ఇంత వినోదమిచ్చు చర్చ మఱియొకటి లేదు. రాజకీయము లెత్తినచో వైరము, ఆస్తుల మాట యెత్తినచో అంతకన్న వైరము. పేరుల మాట యెత్తినచో మాత్రము వంట చల్లారిపోవుచున్నను ఎవ్వరును లేవరు.

ఈ వినోదము మన పూర్వులందఱికిని సమముగా దక్కినది కాదు. ఎవరి బిడ్డకు ఎవరు పేరు పెట్టవలెను, ఏ పేరు పెట్టవచ్చును, పెట్టిన పేరును పదిమంది నిండుగా పిలుతురా, లేక సగము విఱిచి పిలుతురా అను ప్రశ్నలకు ఒక్కొక్క కాలమున ఒక్కొక్క సమాధానమున్నది. ఆ సమాధానములే యీ వ్యాసమునకు విషయము.

ముందు శాస్త్రము చూతము. గృహ్యసూత్రకారులు నామకరణమును ఒక వ్యాకరణాభ్యాసముగా భావించినట్లున్నారు. మగబిడ్డ పేరున రెండక్షరములో నాలుగక్షరములో ఉండవలెను. ఆడుబిడ్డ పేరున బేసి సంఖ్య కావలెను. మగవాని పేరు ఘోషాక్షరముతో మొదలిడవలెను, నడుమ య ర ల వ లలో నొకటి రావలెను, కృదంతము కావలెనే గాని తద్ధితాంతము కారాదు. పారస్కరుడు చెప్పిన యీ నియమములను తు.చ. తప్పక పాటింపబూనిన తండ్రికి బారసాలనాటికి పేరు దొరకుట దుర్లభము. బియ్యము పోసిన పళ్లెరములో ఉంగరముతో వ్రాయుటకు ముందు అతడు కౌముది తిరుగవేయవలసి వచ్చును.

ఇంతవఱకు నవ్వుకొనవచ్చును. మనుస్మృతి రెండవ అధ్యాయమునకు వచ్చుసరికి నవ్వు ఆగిపోవును. బ్రాహ్మణుని పేరు మంగళమును, క్షత్రియుని పేరు బలమును, వైశ్యుని పేరు ధనమును తెలుపవలెనట. శూద్రుని పేరు జుగుప్సితమై యుండవలెనట. వ్యాఖ్యాత యగు కుల్లూకభట్టు ఉదాహరణములు కూడ నిచ్చినాడు: శుభశర్మ, బలవర్మ, వసుభూతి, దీనదాసు. నుదుటి వ్రాత బ్రహ్మ వ్రాయునని మనవారందురు. ఈ వ్రాత మాత్రము బ్రహ్మ వ్రాసినది కాదు. తాటాకుమీద గంటముతో మనుష్యుడు వ్రాసినది. ఉయ్యాలలోని శిశువు కన్ను తెఱవకమున్నే అతని స్థానమిది యని చెప్పుటకు పేరుకన్న సులభమైన సాధనము వేఱొకటి లేదని ఆ వ్రాసినవాడు బాగుగా గ్రహించినాడు.

స్త్రీల విషయమున అదే స్మృతి యొకచోట మెత్తగా మాటాడినది. ఆడుదాని పేరు సుఖముగా పలుకదగినదై, క్రూరార్థము లేనిదై, మనోహరమై, దీర్ఘాంతమై, ఆశీర్వాదమువలె నుండవలెనట. బాగున్నది. కాని మూడవ అధ్యాయమున పెండ్లియాడదగని కన్యల పట్టిక యొకటి కలదు. అందు నక్షత్రము పేరు, చెట్టు పేరు, నది పేరు, కొండ పేరు, పక్షి పేరు, పాము పేరు గల పిల్ల పనికిరాదని చెప్పబడినది. ఆ లెక్కను రోహిణియు రేవతియు పోయిరి, తులసి పోయినది, గంగ, గోదావరి, కావేరి, కృష్ణవేణి అందఱును పోయిరి, చిలుకమ్మ, నాగమ్మల మాట చెప్పనే అక్కఱలేదు. ఈ నియమము తెలుగుదేశమున నడచియుండినచో ఊరికి సగముమంది ఆడుపిల్లలు కన్యలుగనే మిగిలిపోవలసినది. మన బామ్మలు మనుస్మృతి చదువలేదు. చదివినవారికి బామ్మలతో చెప్పు ధైర్యము లేదు.

గ్రంథమున నున్నది వేఱు, లోకమున నడచినది వేఱు అనుటకు ఱాళ్లు సాక్ష్యము చెప్పుచున్నవి. క్రీస్తుశకము తొలి శతాబ్దులలో అమరావతీ స్తూపమునకు కానుకలిచ్చిన సామాన్యులు తమ పేరులను ప్రాకృతమున చెక్కించుకొనిరి. వారిలో విధికుడను చర్మకారు డొకడు. పూర్ణఘటము చెక్కిన ఫలకమును అతడు తల్లితోను, భార్యతోను, అన్నదమ్ములతోను, కొడుకుతోను, కూతుండ్రతోను, బంధుమిత్రులతోను కూడి సమర్పించినాడు. అతని తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. తోలుపని చేయువాడు తాను ఉపాధ్యాయుని కుమారుడనని ఱాతిపై చెక్కించుకొనినాడు! ఆ శాసనమున మఱియొక చిన్న సంగతి కలదు. విధికుని కొడుకు పేరు కూడ నాగుడే. తాత పేరు మనుమనికి పెట్టు మన ఆచారము ఇంత పాతది; ఇంత సామాన్యుల యింటిది.

రాజులును ఆ పనియే చేసిరి. విజయపురి నేలిన ఇక్ష్వాకులలో చాంతమూలుని కొడుకు వీరపురుషదత్తుడు, అతని కొడుకు ఎహువల చాంతమూలుడు. కాకతీయుల తొలి తరములలో బేతడు, ప్రోలడు, మరల బేతడు, మరల ప్రోలడు. రాజమహేంద్రవరమున 1848లో జన్మించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరును తాతగారిదే. ఈ యాచారమువలన మన యిండ్లలో ఒక చిక్కు ఏర్పడినది. మామగారి పేరు నోట పలుకరాదు గదా. ఆ పేరే బిడ్డకు వచ్చినచో కోడలు తన బిడ్డను ఏమని పిలుచును? అబ్బాయి, చిన్నా, బుజ్జి, నాయనా అని పిలుచును. మన ముద్దుపేరులలో సగము ముద్దువలన గాక మామగారియందలి భయమువలన పుట్టినవే.

ఆ ఇక్ష్వాకుల కాలపు స్త్రీల పేరుల యొద్ద కొంచెము నిలువవలెను. నాగార్జునకొండ మహాచైత్యమును కట్టించిన రాజవంశపు స్త్రీ చాంతిసిరి. అక్కడనే విహారములు కట్టించిన ఉపాసిక బోధిసిరి. అడవి చాంతిసిరి యను పేరు కూడ కానవచ్చుచున్నది. 'శ్రీ' ప్రాకృతమున 'సిరి' యైనది. తెలుగునకును అది సొంతమైనది. తరువాతి శతాబ్దులలో మన యాడువారి పేరుల చివర అమ్మయు, అక్కయు, సానియు, అంబయు నిలిచి సిరి మఱుగుపడినది. ఇప్పుడు మరల ఏ బడిలో చూచినను సిరి, సిరిచందన, సిరివల్లి. పదునాఱు వందల యేండ్ల తరువాత తిరిగివచ్చిన యీ పేరును తలిదండ్రులు కొత్తదని పెట్టుచున్నారు. వారి సంతోషమును చెఱుపనేల?

తెలుగు పేరుల చరిత్ర నేర్చుకొనుటకు శాసన సంపుటములు వెదకనక్కఱలేదు. కవుల పట్టిక చాలును. నన్నయ, తిక్కన, కేతన, మారన, ఎఱ్ఱన, పోతన: ఇవి పదునొకండవ శతాబ్దమునుండి పదునైదవ శతాబ్దము వఱకు నడచిన పేరులు. పొట్టివి, గట్టివి. చివర 'అన్న' యనియో 'అయ్య' యనియో గౌరవము చేరినది. కాకతీయుల కాలపు రాజులకును, రైతులకును, వర్తకులకును ఇట్టి పేరులే యుండెడివి. ప్రోల, కేత, మార, పోత యను ముక్కను బట్టి వాడు రాజో రైతో చెప్పలేము. ఆ భేదము చెప్పవలసినచో చివర నాయకుడనియో, రెడ్డి యనియో, సెట్టి యనియో, బోయ యనియో చేర్చవలెను. పదునాఱవ శతాబ్దమునకు నంది తిమ్మన వచ్చినాడు. తిరుమలయే తిమ్మ యైనది. పదునేడవ శతాబ్దమున తంజావూరిలో చేమకూర వేంకటకవి. కొండమీది దేవుని కీర్తితోపాటు ఆయన పేరును ఇల్లిల్లు చొచ్చినది. తిరుపతి వేంకటకవుల నాటికి జంటకవులలో ఒకరి పేరు కొండయు, రెండవవారి పేరు కొండమీది దేవుడును అయినవి. ఇంటి దొడ్డిలో వెంకయ్య యని పిలిచినచో నలుగురు పలికెడి దినములవి. అందువలననే పెద వెంకయ్య, చిన వెంకయ్య, బక్క వెంకయ్య.

కాకతీయుల మాట వచ్చినది గావున రుద్రమదేవిని దాటిపోరాదు. 1262 మొదలు 1289 వఱకు ఓరుగల్లు నేలిన యామెను శాసనములు తఱచుగా రుద్రదేవ మహారాజని పురుషనామముతోనే పేర్కొన్నవి. గణపతిదేవునకు కొడుకులు లేకపోగా కూతురిని సింహాసన మెక్కించినారు. సింహాసనముమీద కూతురి పేరు చెల్లదని పేరు మార్చినారు. ఆమె చెల్లెలు గణపాంబకు సింహాసనము లేదు గావున తండ్రి పేరును 'అంబ'తో కలిపి ఆడుపేరుగనే యుంచుకొను స్వేచ్ఛ దక్కినది.

మన సామాన్యుల పేరులను కాగితముపై పఱచినచో దేశపటము తయారగును. అప్పన్న యన్నచో సింహాచలము. పైడిరాజు, పైడితల్లి యన్నచో విజయనగరము. నూకరాజు, నూకాలమ్మ అనకాపల్లి వైపు. సత్యనారాయణ, సత్తెమ్మ అన్నవరపు చుట్టుపట్ల. కోటయ్య యన్నచో కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలు కన్నులకు కట్టును. రాజయ్య, రాజవ్వ వేములవాడ. కొమురయ్య యన్నచో కొమురెల్లి మల్లన్న గుర్తునకు వచ్చును. 1946 జూలై 4న కడవెండిలో గుండు దెబ్బకు కూలి తెలంగాణా పోరాటమునకు తొలి అమరుడైన దొడ్డి కొమురయ్య ఆ పేరు దాల్చినవాడే. ఈ పటమున గుడులు మాత్రమే లేవు. నెల్లూరు సీమలో కసుమూరు దర్గా మ్రొక్కువలన పుట్టిన మస్తానయ్యలును మస్తానమ్మలును హిందువుల యిండ్లలో ఎందఱో కలరు. నల్లగొండ వైపు జానపహాడు దర్గావలన సైదులు, సైదమ్మ. పీర్ల పండుగవలన పీరయ్య, హుస్సేనమ్మ. బిడ్డ బ్రదికిన చాలునని మ్రొక్కుకొను తల్లి దేవుని మతమేమని అడుగలేదు. ఆమెకు లేని సందేహము ఇప్పటి కొందఱు విద్యావంతులకు కలుగుచున్నది.

దేవుళ్ల వరుసలో ఒక దొర కూడ చేరినాడు. 1800లో దత్తమండలములు కుంఫిణీవారి చేతికి వచ్చినప్పుడు, అక్కడ ప్రధాన కలెక్టరుగా ఏడేండ్లుండి రైతువారీ శిస్తు ఏర్పఱచిన తామస్ మన్రోను జనులు ఎంతగా మెచ్చిరనగా బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. ఆయన 1827లో పత్తికొండలో విషూచివలన మరణించినాడు. పన్ను వసూలు చేయువాని పేరును ప్రజలు తమ బిడ్డకు పెట్టుట చరిత్రలో తఱచుగా జరుగు విషయము కాదు.

ఇక చావును మోసగించుటకు పెట్టు పేరులు. పుట్టిన బిడ్డ పుట్టినట్లు పోవు దినములలో, తరువాతి బిడ్డను పెంటకుప్పపై నుంచి, అక్కడ దొరికినట్లుగా తెచ్చుకొని పెంటయ్య యనిరి, కుప్పయ్య యనిరి. ఎంగిలి విస్తళ్లలో పొరలించి పుల్లయ్య యనిరి. బిచ్చమెత్తి బిచ్చయ్య యనిరి. పొరుగువారికి దోసెడు తవుడునకు అమ్మి మరల తెచ్చుకొని తవుడు, తవిటమ్మ యనిరి. విజయనగరము, శ్రీకాకుళము వైపు ఈ పేరులు నేటికిని వినబడును. పనికిమాలిన వస్తువును మృత్యువు ముట్టదని వారి తలంపు. మనువు శూద్రునకు విధించిన జుగుప్సను తల్లి తన బిడ్డకు రక్షగా కట్టినది! పెంటయ్య యను పేరు విని నవ్వు పట్టణవాసి, ఆ పేరు వెనుక ఒక తల్లి ఎందఱు బిడ్డలను మట్టిలో కలుపుకొనెనో తెలిసికొనినచో నవ్వజాలడు. పురిటి బిడ్డలు బ్రదుకుట మొదలిడిన తరువాత ఈ పేరులు తమంతట తామే తగ్గిపోయినవి. దీనికి సంఘసంస్కర్తలకన్న మంత్రసానులకు శుభ్రత నేర్పినవారిని, టీకాలు వేసినవారిని పొగడవలెను.

అదే విధముగా ఏవగింపును తెలుపు పేరు మఱియొకటి యున్నది; అది రక్షకు కాదు. ఆడుపిల్ల వెంట ఆడుపిల్ల పుట్టినప్పుడు ఇక వద్దను అర్థము వచ్చు పేరు పెట్టుట మన దేశమున పలుచోట్ల కలదు. మహారాష్ట్రమున సాతారా జిల్లాలో ఇట్టి పిల్లలకు నకుశా యని పేరు. వలదనుకొన్నది అని దాని యర్థము. 2011 అక్టోబరులో అక్కడి అధికారులు ఆ పేరుగల 285 మంది బాలికలను ఒకచోట చేర్చి, వారు కోరిన కొత్త పేరులతో పత్రము లిచ్చినారు. కొందఱు సినిమా తారల పేరులు కోరినారు, కొందఱు దేవతల పేరులు కోరినారు. ఏ పేరైనను సరియే. బడిలో హాజరు పిలిచినప్పుడెల్ల నీవు వద్దని చెప్పు పేరు పోయినది.

ఆడుదాని పేరు పుట్టినింటనైనను స్థిరము కాదు. అత్తవారింట అదే పేరుగల అత్తయో ఆడుబిడ్డయో ఉన్నచో కోడలి పేరు మారవలసినదే. కొన్నియెడల కారణమే అక్కఱలేదు. వీరేశలింగము పంతులుగారి ధర్మపత్ని పుట్టినింట బాపమ్మ; అత్తవారింట రాజ్యలక్ష్మి. వితంతు వివాహములు జరిపించిన యింట, ఊరంతయు వెలివేసినను బాలికలకు తల్లియై నిలిచిన యామెను లోకము రెండవ పేరుతోనే స్మరించుచున్నది. ఆ పేరు మార్చినప్పుడు ఆమె యిష్టమేమని యడుగు ఆచారము ఆ కాలమున లేదు. భార్య భర్త పేరు పలుకరాదను నియమము కూడ ఇట్టిదే. గృహప్రవేశమున ఆడుబిడ్డ గడపకడ్డముగా నిలిచి, మగని పేరు చెప్పినగాని లోపలికి రానీయనని వధువును వేధించుట మన పెండ్లిండ్లలోని సొగసైన వేడుకలలో నొకటి. ఆ ఒక్కనాడు పేరు చెప్పించి, తరువాత బ్రదుకంతయు చెప్పనీయక పోవుటలో నున్న వింతను ఎవరును తలపోసినట్లు లేదు. ఇప్పటి వధువులు భర్తను పేరు పెట్టియే పిలుచుచున్నారు గావున ఆ వేడుకలో పస తగ్గినది. తగ్గనిండు.

పేరు పెట్టుటయే కాదు, పిలుచుటయు అధికారమే. ఒకే మల్లయ్య మోతుబరి యైనచో మల్లయ్యగారు; పాలేరైనచో మల్లిగాడు. నరసయ్య నర్సిగాడగును, ఎల్లయ్య ఎల్లిగాడగును. తండ్రి నిండుగా పెట్టిన పేరును దొర వాకిట సగము విఱిచి, చివర 'గాడు' తగిలించి పిలిచినప్పుడు, ఏడేండ్ల దొరకొడుకు పిలిచినను ఏబదియేండ్ల మల్లయ్య పలుకవలసినదే. మనువు వ్రాసినది మన యూళ్లలో అమలు జరిగినది ఇట్లు. పేరు జుగుప్సితముగా పెట్టనక్కఱలేకపోయినది. మంచి పేరునే జుగుప్సితముగా పిలిచిన చాలినది. 'దాసు' అను మాటను భక్తులు తిరుగవేసినారు; భద్రాద్రి గుడి కట్టించిన కంచెర్ల గోపన్న రామదాసని పిలిపించుకొని సంతోషించినాడు. కాని దాసుడనని తానై చెప్పుకొను స్వేచ్ఛ గోపన్నకున్నది, మల్లిగానికి లేదు.

దీనిపై తిరుగుబాటు కూడ పేరుతోనే మొదలైనది. హైదరాబాదున 1888లో జన్మించిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డివర్మ యైనాడు. రెడ్డియు వర్మయు రెండును తన కులమునకు నిషిద్ధమైన గౌరవములే. రెండును ఒకే పేరున ధరించినాడు. 1917లో బెజవాడలో కూడిన పంచమ మహాజనసభకు ఆయన అధ్యక్షుడు. పంచములనగా ఎవరు, ఐదవ వర్ణమను మాట ఏ శాస్త్రమున నున్నదని ప్రశ్నించి, మేము ఈ దేశపు తొలి జనులము గావున ఆదియాంధ్రులమని పిలిపించుకొందుమన్నాడు. సభ మొదలైనప్పటి పేరు ఒకటి, ముగిసినప్పటి పేరు మఱొకటి. సామాన్యముగా సభలలో తీర్మానములు కాగితమునకే పరిమితమగును. ఈ తీర్మానమును జనులు తమ యొంటికి తొడుగుకొని ఇండ్లకు పోయిరి.

భాగ్యరెడ్డివర్మ చేర్చుకొనినదానిని మఱియొకరు విడిచిపెట్టినారు. నెల్లూరు సీమలో అలగానిపాడున 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి, తన పేరులోని రెడ్డిని తీసివేసి సుందరయ్యగా మిగిలినాడు. ఒకరు రెడ్డిని తగిలించుకొనుటయు, ఒకరు తొలగించుకొనుటయు పరస్పర విరుద్ధములని తార్కికులు అనవచ్చును. నాకు రెండును ఒకే పనిగా తోచుచున్నవి. లేనివాడు తీసికొనినప్పుడును, ఉన్నవాడు విడిచినప్పుడును కంచె ఒక్కటే కదలినది.

జాతీయోద్యమము వచ్చి పంచాంగపు అక్షరములను ప్రక్కకు నెట్టినది. బాలగంగాధర తిలక్ 1920 ఆగస్టు 1న మరణించినాడు. సరిగా ఏడాదికి, 1921 ఆగస్టు 1న, తణుకు సమీపమున మండపాకలో దేవరకొండవారింట పుట్టిన బిడ్డ దేవరకొండ బాలగంగాధర తిలక్, తరువాత కవి. 1931లో నల్లగొండ సీమలో భూస్వాముల యింట పుట్టిన బాలికకు స్వరాజ్యమని పేరు పెట్టినారు. ఆ మల్లు స్వరాజ్యమే పదునాఱేండ్లు దాటీదాటకముందు దొరలపై తుపాకి పట్టినది. పేరు పెట్టినవారు ఇంతదూరము తలచియుండరు. బోసు, గాంధి, నెహ్రూ, లజపతి యను పేరులు తెలుగుబిడ్డలకు ఇంటింట వచ్చినవి. ఆ తరువాత కృష్ణా గుంటూరు మండలములలో లెనిన్‌బాబులు, స్టాలిన్‌బాబులు. వీటన్నిటిలో నాకు మిక్కిలి వినోదము కలిగించునది ఝాన్సీ. లక్ష్మీబాయి యేలిన ఊరి పేరది. ఆంధ్రదేశమున అది ఆడుపిల్ల పేరైపోయినది. ఝాన్సీనగరవాసు లెవరైనను మన యూరికి వచ్చినచో తమ పట్టణము జడ వేసికొని బడికి పోవుట చూచి దిగ్భ్రమ చెందుదురు.

ఈ పద్ధతిని తుదివఱకు నడిపినవారు గోరా యను గోపరాజు రామచంద్రరావుగారు. నాస్తికుడు, దేవుని పేరు పెట్టడు. కులమును పోగొట్టవలెనన్నవాడు, కులము తెలుపు పేరు పెట్టడు. ఇక మిగిలినదేమి? వార్తాపత్రిక మిగిలినది. 1930లో గాంధీ దండి తీరమున ఉప్పు తీసిన యేట పుట్టిన కొడుకు లవణము. 1939లో ప్రపంచయుద్ధము మొదలైన యేట పుట్టిన కొడుకు సమరము. తొమ్మిదవ బిడ్డకు హిందీలో తొమ్మిది యను అర్థము వచ్చు నౌ యని పేరు. ఉప్పు అని పిలిపించుకొనిన బాలుడు బడిలో ఎన్ని పరిహాసములు పడెనో మనకు తెలియదు గాని, పెద్దవాడై ఆ పేరుతోనే సంఘసేవకుడుగా దేశమంతట ఎన్నికకెక్కినాడు. 1960లో ఆయన వివాహమాడినది హేమలతను. ఆమె గుఱ్ఱము జాషువా కవి కుమార్తె. అంటరానివాడని సభలో పంక్తిలో అవమానములు పొందిన తండ్రికి యూదు ప్రవక్త పేరు. ఆ తండ్రి కూతురికి పెట్టినది కావ్యనాయికకు తగిన సంస్కృతపు పేరు. బ్రాహ్మణకులమున పుట్టిన వరునికి ఉప్పు పేరు. ఆ పెండ్లిపత్రికను మనువు చేతికిచ్చినచో ఏది యెవరి పేరో పోల్చుకొనలేక పోయియుండును.

నేటి సంగతి కొంత చెప్పి విరమింతును. ముప్పది నలువదియేండ్ల క్రింద బడి పట్టికలో పేరు చూచి, ఈ పిల్లవాడు ఏ మండలమువాడు, ఏ కులమువాడు, వీని తల్లిదండ్రులు ఏ గుడికి మ్రొక్కిరి అని ఉపాధ్యాయుడు చెప్పగలిగెడివాడు. ఇప్పుడు నా పట్టికలో అఖిల, నిఖిల్, మౌనిక, సాయికుమార్, ప్రవళిక. ఎవరు ఎవరో దేవునికి ఎఱుక. మౌనిక యను పిల్లయే తరగతిలో నెక్కువగా మాటాడుట నేను పలుమాఱులు చూచినాను. ప్రవళిక యను పేరు ప్రవాళమునుండి వచ్చినచో పగడము; ప్రవహ్లికనుండి వచ్చినచో, అమరము ప్రకారము, పొడుపుకథ. తల్లిదండ్రుల నడిగినచో, పలుకుటకు బాగున్నదని పెట్టితిమందురు. సంస్కృతము చదివినవాడనుగనుక ఏ ధాతువునకును చెందని కొన్ని కొత్త పేరులు విని నాకు పండ్లు పులియును. సంఖ్యాశాస్త్రమని చెప్పి ఇంగ్లీషు వ్రాతలో అక్షరములను రెండింతలు చేయువారిని చూచి జాలిపడుదును. పారస్కరుని నియమములకు నవ్వినవారు ఇంతకన్న కఠినమైన నియమములకు రుసుము చెల్లించుచున్నారు. కాని కూలివాని కూతురును, వకీలు కూతురును ఒకే అఖిలయై హాజరు పలుకుట చూచినప్పుడు వ్యాకరణదోషములను దిద్దుకొనుటకు ఎఱ్ఱసిరా అక్కఱలేదనిపించును.

పోగొట్టుకొనినది మాత్రము లేకపోలేదు. గాడు అని పిలువబడిన పేరులతోపాటు, ఆ పేరులలోని ఊరిదేవతలును పట్టికనుండి వెడలిపోయిరి. ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మ, పెద్దింట్లమ్మ యను పేరులు చిన్నపిల్లలలో నెతికినను దొరకవు. అవి ఉన్నచో రెండక్షరముల మధ్య ఒక పొడియక్షరముగా నుండును. జనన మరణముల నమోదుకు 1969లో చేసిన చట్టము ప్రకారము బిడ్డ పుట్టిన పండ్రెండు నెలలలోపల రుసుము లేకయే పేరు వ్రాయించుకొనవచ్చును. రుసుము కట్టినచో పదునైదేండ్ల వఱకును గడువు కలదు. ఆ గడిలో తల్లిదండ్రులు సహస్ర యనియో శ్రేష్ఠ యనియో వ్రాయింతురు. ఆషాఢమున బోనమెత్తునాడు అవ్వ ఆ పిల్లకు పసుపు పూసి, కుంకుమ దిద్ది, మా పోచమ్మ యని పిలుచును. పిల్ల పలుకుచునే యున్నది.